కొక్కెం వేయించారు.. మిల్లరును లారీ ఎక్కించారు

జడ్చర్ల: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని పెద్దలు ఊరకే అనలేదు. అయితే ఊరు కాని ఊరు పోయి పరాయివాళ్లకు ఇళ్లు కట్టిపెట్టే వారి కష్టం ఆ సామెతలో లేదు. దసరా పండుగ వెళ్లిందంటే చాలు, పాలమూరు పల్లెల్లో మూటలు కట్టే సందడి మొదలవుతుంది. జొన్నపిండి డబ్బా, రెండు గొంగళ్లు, గుడిసెకు కప్పే రేకులు, పిల్లల పుస్తకాల సంచి.. ఇవన్నీ బండి ఎక్కుతాయి. ఇంటి తలుపుకు తాళం పడుతుంది. ముసలివాళ్లు అరుగు మీద కూర్చుని బండి కనుమరుగయ్యేదాకా చూస్తుంటారు.

నాగార్జునసాగర్ కాలం నుంచి దేశంలో ఎక్కడ పెద్ద కట్టడం లేచినా అక్కడ పాలమూరు కూలీల చెమట ఉందని చెప్పుకుంటారు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల పథకాల కాలువ నీళ్లు చేరిన ఊళ్లలో వలస కొంత తగ్గినా, మెట్ట భూములు ఉన్న పల్లెల్లో ఇంకా సాగుతూనే ఉంది. మారిందల్లా వలస పోయే తీరు. అప్పట్లో మేస్త్రీ పంపిన లారీలో పలుగు, పార పట్టుకుని పోయేవారు. ఇప్పుడు కాస్త నిలదొక్కుకున్న మేస్త్రీలు సొంతంగా సెంట్రింగ్ రేకులు, జాకీలు, వైబ్రేటర్, కాంక్రీటు కలిపే మిల్లరు సమకూర్చుకుంటున్నారు. వాటిని మోయడానికి చిన్న పికప్ బండి కొంటున్నారు. బండిలో పట్టని మిల్లరును వెనుక తగిలించుకుని పోవడానికి ఒక కొక్కెం వేయించుకుంటున్నారు.

ఈ కొక్కెం దగ్గరే చిక్కు వస్తోంది. చూడడానికి జానెడు ఇనుప ముక్క. అది సరిగా ఉంటే ఏ గొడవా లేదు. సరిగా లేకపోతే మాత్రం వెనుక వచ్చేవారి ప్రాణం, ముందు కూర్చున్నవారి బతుకు రెండూ దాని మీదే వేలాడుతుంటాయి.

రేపు పొద్దుగాల పోవాలె!

జాతీయ రహదారి పక్కన ఒక వెల్డింగ్ దుకాణం ఉంది. దాని యజమానికి అరవై ఏళ్లు దాటాయి. చుట్టుపక్కల డ్రైవర్లు, మేస్త్రీలు ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ట్రాక్టరు ట్రాలీలు, నాగళ్లు, గేట్లు, లారీ బాడీలు అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే.

పండుగ వెళ్లిన మూడో రోజు సాయంత్రం నవాబుపేట మండలంలోని ఒక పల్లె నుంచి సెంట్రింగ్ మేస్త్రీ ఒకాయన తన బండితో అక్కడికి వచ్చారు. వయసు నలభై లోపే. బండి పాతది, నిరుడే కొన్నారు. దాని మీద నిండా సామాను. పక్కన ఆయన భార్య, వెనుక మూటల మధ్య బావమరిది. మిల్లరు మాత్రం ముందే ట్రాక్టరుకు కట్టి తెప్పించి రోడ్డు పక్కన నిలబెట్టారు.

“ఉస్తాద్, ఎనుక ఒక హుక్కు ఎయ్యాలె. రేపు పొద్దుగాలనే బెంగుళూరు పోవాలె. అక్కడ స్లాబు పని ఒప్పుకున్న” అని మేస్త్రీ తొందర పెట్టారు. లారీకి పెడితే కిరాయి ఇరవై వేల పైమాటే అడుగుతున్నారని, కొక్కెం అయితే నాలుగైదు వేలతో పోతుందని ఆయన లెక్క. పైగా అక్కడికి పోయాక ఒక పని నుంచి ఇంకో పనికి మిల్లరు తీసుకుపోవడానికి కూడా అదే కొక్కెం పనికొస్తుంది.

ఉస్తాద్ వెల్డింగ్ యంత్రం దగ్గరికి పోలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. వెనుక టైర్లు చూశారు, కమాను పట్టీల మీద చెయ్యి పెట్టి చూశారు. మిల్లరు చక్రం పట్టుకుని అటూ ఇటూ ఊపారు. చక్రం గడగడలాడింది. తర్వాత నాలుగు ప్రశ్నలు అడిగారు. బండి మీద బరువెంత? మిల్లరు బరువెంత? పోయేది ఎంత దూరం? ఎంత వేగంతో పోతావు?

మేస్త్రీ నాలుగింటికీ ఒకటే జవాబు చెప్పారు. “ఏమో ఉస్తాద్, మెల్లగ పోతం.”

“అట్లయితే ముందుగాల కాంటకు పోయి రా బిడ్డా. హుక్కు సంగతి ఎనుక మాట్లాడుదాం” అని ఆయన పంపించేశారు.

ధర్మకాంటా చెప్పిన నిజం

బాదేపల్లి మార్కెట్‌కు ధాన్యం, మక్కలు వచ్చే ఊరు కాబట్టి జడ్చర్లలో ధర్మకాంటాలకు కొదవ లేదు. సామానుతో ఉన్న బండిని కాంటా ఎక్కించారు. మనుషులందరినీ దింపి తూచితే 1,940 కిలోలు చూపింది. మిల్లరును విడిగా తూచారు. 520 కిలోలు వచ్చింది.

బండి ఆర్.సి. తీసి చూశారు. ఖాళీ బండి బరువు 850 కిలోలు. సామానుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు 1,600 కిలోలు. అంటే బండి మోయవలసింది ముప్పావు టన్ను మాత్రమే. అప్పటికే దాని మీద 1,090 కిలోలు ఉంది. ఇంకా ఎవరూ ఎక్కలేదు, కొక్కెం వేయలేదు, మిల్లరు కట్టలేదు. అప్పుడే 340 కిలోలు ఎక్కువైంది. మిల్లరు కూడా తగిలిస్తే 1,600 కిలోలకు తయారైన బండి 2,460 కిలోలు ఈడ్చుకుపోవాలి.

సెంట్రింగ్ రేకుల దగ్గరే ఈ పొరపాటు జరుగుతుందని అనుభవం ఉన్న డ్రైవర్లు అంటున్నారు. పల్చని రేకు కదా అని చేతితో ఎత్తి బండిలో వేస్తారు. ఒక్కొక్కటీ పది కిలోలకు తగ్గదు. వంద రేకులు పేర్చితే టన్ను అయినట్టే. చూడడానికి బండిలో సగం కూడా నిండదు. పత్తి బోరెం అయితే బరువు తక్కువ ఉన్నా కంటికి ఎత్తుగా కనబడి భయం పుట్టిస్తుంది. ఇనుము అట్లా కాదు, కంటికి దొరకదు.

ఇటువంటి చిన్న బండ్లు పల్లెలకు చేరి ఎంతో కాలం కాలేదు. టాటా ఏస్ 2005లో మార్కెట్లోకి వచ్చింది. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పావు టన్ను మోత. జనం దానికి చోటా హాథీ అని ముద్దు పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత వేరే కంపెనీల బండ్లూ వచ్చాయి. కూరగాయలకు, పాల క్యాన్లకు, కిరాణా సరుకుకు ఇవి వరంలా మారాయి. అయితే ఏనుగు అని పేరు పెట్టినంత మాత్రాన ఏనుగు బరువు మోయదు కదా.

మిల్లరు రోడ్డు మీద పరుగెత్తేది కాదు

కాంటా నుంచి తిరిగి వచ్చాక ఉస్తాద్ మిల్లరు సంగతి చెప్పారు.

కాంక్రీటు మిల్లర్లలో బస్తా మిల్లరును పదికి ఏడు అంటారు. పది ఘనపుటడుగుల పొడి సరుకు పోస్తే ఏడు ఘనపుటడుగుల తడి కాంక్రీటు వస్తుందని దాని అర్థం. యాభై కిలోల సిమెంటు బస్తా సుమారు ఒకటింబావు ఘనపుటడుగు. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర చొప్పున కలిపితే మొత్తం ఎనిమిదీ ముప్పావు ఘనపుటడుగులు. డ్రమ్ములో సరిగ్గా పట్టుతుంది. అందుకే దానికి బస్తా మిల్లరు అని పేరు. దానికంటే చిన్నది అర బస్తా మిల్లరు. మేస్త్రీ తెచ్చింది అదే.

పెద్దదైనా, చిన్నదైనా మిల్లరుకు చక్రాలు పెట్టింది పనిచోట ఇటు నుంచి అటు జరపడానికి, దగ్గరి పనికి మెల్లగా ఈడ్చుకుపోవడానికి. దానికి కమాన్లు లేవు. బ్రేకులు లేవు. వెనుక దీపాలు లేవు. చక్రాల లోపలి బేరింగులు గంటల తరబడి పరుగెత్తడానికి చేసినవి కావు. గ్రీజు ఎండిపోతే వేడెక్కి పట్టేస్తాయి. పైగా డ్రమ్ము, ఇంజను పైభాగాన ఉంటాయి కాబట్టి బరువంతా ఎత్తున ఉంటుంది. మలుపులో కాస్త వేగం పెరిగినా ఒక పక్కకు ఒరుగుతుంది.

“ఇక్కడి నుంచి బెంగుళూరు అయిదు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మిల్లరు కట్టుకుని గంటకు ఇరవై కంటె ఎక్కువ పోరాదు. అంటే ఇరవై నాలుగు గంటలు చక్రం తిరుగుతనే ఉండాలె. రాత్రి గూడ ఆ రోడ్డు మీదనే ఉంటవు. ఎనుక నుంచి ఎనభైల, తొంభైల వచ్చే లారీకి నీ మిల్లరు చీకట్ల ఎట్ల కనబడుతది? పోనీ ఎక్కువ పోతనంటవా, నలభైకి పోతే బ్రేకు కొట్టినంక ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అయితది. మిల్లరుకు బ్రేకు లేదు. అది ఎనుక నుంచి వచ్చి నిన్నే తోస్తది” అని ఆయన వివరించారు.

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి అది. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర దాటి, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బాగేపల్లి చేరుతుంది. వంతెనలు ఉన్నాయి, ఎత్తుపల్లాలు ఉన్నాయి. పల్లం వచ్చిన ప్రతిచోటా వెనుక ఉన్న బరువు ముందు బండిని నెడుతుంది. ఆ సమయంలో స్టీరింగు కాస్త తిప్పినా వెనుకది అడ్డం తిరిగి ముందుదాన్ని కూడా పడేస్తుంది.

మేస్త్రీకి ఈ మాటలు రుచించలేదు. “అందరు కట్టుకునే పోతున్నరు గద ఉస్తాద్. నేనొక్కణ్నే పోతనా?” అని ఎదురు ప్రశ్న వేశారు.

చువ్వ ముక్క చేసిన పని

దానికి జవాబు ఉస్తాద్ చెప్పలేదు. మేస్త్రీ భార్య చెప్పారు. అప్పటిదాకా ఆమె మూటల దగ్గర నిలబడి వింటున్నారు. వెనుక నుంచి దిగిన తమ్ముణ్ని చూపించారు. అతను కుడి కాలు ఈడ్చుకుంటూ నడుస్తాడు.

నాలుగేళ్ల కిందట ఒక ఊరిలో స్లాబు పోసి చీకటి పడే వేళకు మిల్లరును ట్రాక్టరుకు కట్టుకుని వస్తున్నారు. అసలు పిన్ను ఎక్కడో పడిపోయింది. దాని బదులు స్లాబులో మిగిలిన చువ్వ ముక్క వంచి పెట్టారు. ఇద్దరు కూలీలు మిల్లరు నొగ మీద కూర్చున్నారు. వారిలో ఒకడు ఈ తమ్ముడు. స్పీడు బ్రేకరు మీద చువ్వ ఎగిరి పోయింది. నొగ ముందుకు పొడుచుకుని రోడ్డులో దిగింది. మిల్లరు వాళ్ల మీదుగా ఒరిగింది. రెండోవాడు పక్కకు దూకి బతికిపోయాడు. ఇతనికి తుంటి ఎముక విరిగింది. ఆరు నెలలు మంచం మీదే. దవాఖాన ఖర్చుకు ఉన్న ఎకరం కుదువ పెట్టారు. ఇప్పటికీ విడిపించలేదు.

“గా చువ్వ ముక్క పది రూపాయలు జెయ్యదు అన్నా. దానికి మా తమ్ముని కాలు పోయింది. ఏడువేలో ఎనిమిదివేలో లారీకి పెడదాం. పైసలు మళ్ల సంపాయించుకుంటం. మనిషిని యాడికెల్లి తెస్తం?” అని ఆమె ఉస్తాద్‌తో అన్నారు. మాట ఉస్తాద్‌తోనే అయినా చూపు భర్త మీద ఉంది.

మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి అదే రోజుల్లో బెంగుళూరు పోతున్న ఇద్దరు మేస్త్రీలతో మాట్లాడారు. ముగ్గురూ కలిసి ఒక లారీ కుదుర్చుకున్నారు. కిరాయి 21 వేలు. తలా ఏడు వేలు. మిల్లర్లు, రేకులు, జాకీలు అన్నీ లారీకి. చిన్న బండిలో చేతి పనిముట్లు, వైబ్రేటర్, వంట సామాను, బట్టలు. పిల్లలు, ముసలమ్మ మహబూబ్‌నగర్ పోయి రైలెక్కాలి.

“మరి హుక్కు?” అని ఉస్తాద్ అడిగారు.

“హుక్కు అయితే ఎయ్యి. అక్కడ సైటు నుంచి సైటుకు కావాలె గద” అని మేస్త్రీ అన్నారు.

కొక్కెం వేసే పద్ధతి

మర్నాడు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ పని సాగింది. రోడ్డు పక్కన గంటలో ముగించే పనికి అంతసేపు ఎందుకు పట్టిందో తెలుసుకోవడం బండ్లు ఉన్నవారందరికీ మంచిది.

మొదట బ్యాటరీ వైర్లు విప్పారు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.6 బండ్లలో ఎలక్ట్రానిక్ పరికరాలు ఎక్కువ. వాటికి ముందు వచ్చిన కొన్ని బండ్లలోనూ ఉన్నాయి. బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ పెడితే ఆ పరికరాలు కాలిపోయే ప్రమాదం ఉంది. డీజిలు ట్యాంకు, పైపులు ఎటు ఉన్నాయో చూసుకుని తడి గోనె సంచులు అడ్డం పెట్టారు.

కొక్కేన్ని బంపరుకు గానీ, తొట్టి అడుగు రేకుకు గానీ తగిలించరాదు. అవి లాగుడు బరువు ఆగేవి కావు. బండికి వెన్నెముక చాసిస్. దాని రెండు పొడుగు కమ్మీలకే బిగించాలి. కమ్మీ అడ్డుకోత చూస్తే పలక మీద రాసిన ‘డ’ అక్షరాన్ని పక్కకు తిప్పినట్టు మూడు వైపులా మూసి, ఒక వైపు తెరిచి ఉంటుంది. పైన, కింద ఉండే అంచుల మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది. అక్కడ రంధ్రం వేసినా, అడ్డంగా వెల్డింగ్ పెట్టినా ఆ చోటే పగులుతుంది. అందుకే ఉస్తాద్ నిలువు భాగం నడిమధ్యలో రంధ్రాలు వేశారు. రంధ్రం గ్యాసుతో కోయలేదు, డ్రిల్లుతో వేశారు. చుట్టూ ఆకురాయితో నున్నగా చేసి, రెడ్ ఆక్సైడ్ రంగు పూశారు.

రెండు కమ్మీలకు లోపలి వైపు దళసరి పలకలు పెట్టి, వాటి మధ్య అడ్డంగా ఒక గట్టి కమ్మీ బిగించారు. ఆ అడ్డ కమ్మీకి నడుమ కొక్కెం. వెల్డింగ్ అంతా బల్ల మీద విడిగా చేసుకున్నారు. బండికి మాత్రం బోల్టులతోనే బిగించారు. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉన్నవే వాడారు. అది గట్టి ఉక్కుకు గుర్తు. తల మీద ఏ అంకె లేని మామూలు బోల్టు కుదుపులకు తెగిపోతుంది. నట్టు వదులు కాకుండా నైలాక్ నట్లు వేశారు. స్టెపినీ టైరు దింపడానికి, ఎక్కించడానికి అడ్డం రాకుండా చూశారు.

కొక్కెం ఎత్తు మరో ముఖ్యమైన సంగతి. మిల్లరు నొగ నేలకు సమంగా ఉండేటట్టు కొలిచి పెట్టారు. కొక్కెం మరీ ఎత్తైతే మిల్లరు వెనక్కి వాలుతుంది, మరీ కిందికైతే ముందుకు కుంగుతుంది. ఎద్దుబండి తోలిన వాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడ కుంగుతుంది. వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి మెడకు ఉరి పడుతుంది. ఇక్కడా అంతే. వెనుక లాగే బండి మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద పడాలి. అంతకంటే బాగా తక్కువైతే వెనుకది తోక ఆడించినట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే బ్రేకు కొట్టిన కొద్దీ ఎక్కువవుతుంది. మెల్లగా యాక్సిలేటరు వదిలి నిదానం చేసుకోవడమే దారి.

పిన్ను లేతు మీద తీయించారు. అడుగున అడ్డ రంధ్రం, దానికి క్లిప్పు. క్లిప్పు పోకుండా సన్న గొలుసుతో కొక్కేనికే కట్టారు. దీనికి తోడు రెండు గట్టి గొలుసులు. నొగ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా, కత్తెర గుర్తులా పోయేటట్టు తగిలించారు. పొరపాటున పిన్ను జారినా నొగ రోడ్డులో దిగకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. మలుపుకు సరిపోయేంత వదులే ఉంచారు, నేలకు రాసుకోనివ్వలేదు.

ఆఖరున ఎర్ర దీపాలు. మిల్లరు వెనుక తగిలించి తీసుకోవడానికి వీలుగా ఒక చెక్క పలకకు బ్రేకు దీపం, ఇండికేటర్లు బిగించి, వైరు బండి దాకా లాగి ప్లగ్గు పెట్టారు. పలక అంచులకు మెరిసే ఎర్ర స్టిక్కరు అంటించారు.

చట్టం ఏమంటోంది

కొక్కెం గట్టిగా ఉంటే చాలదు, కాగితం కూడా సరిగా ఉండాలి. ఈ సంగతి చాలామంది మేస్త్రీలకు తెలియదు.

మోటారు వాహనాల చట్టం-1988లోని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్.సి.లో ఉన్న వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, ఇట్లా అనుమతి లేకుండా మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చని చేర్చారు. కాబట్టి ఏ మార్పు చేయాలన్నా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకుని, ఆర్.సి.లో రాయించుకోవడం మేలు.

వెనుక తగిలించే ట్రాలీకి కూడా మామూలు బండిలాగే రిజిస్ట్రేషను ఉండాలని 61వ సెక్షను చెబుతోంది. లాగే బండి నెంబరు వెనుక ట్రాలీ మీద కనబడాలి. పరిమితికి మించి బరువు వేస్తే 20 వేల రూపాయలు, ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకు రెండేసి వేలు జరిమానా అని 2019 సవరణలో ఉంది. లారీ కిరాయి మిగిలిందని సంతోషించిన మేస్త్రీకి ఒక్క తనిఖీలో ఆ మిగులు కాస్తా పోతుంది. చెడిపోయిన మోటారు బండిని ఇంకో బండితో లాగేటప్పుడు గంటకు 25 కిలోమీటర్లు మించరాదని, రెండింటి మధ్య దూరం అయిదు మీటర్లు దాటరాదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లో ఉంది. నాలుగు చక్రాలు, బ్రేకులు సవ్యంగా ఉండే కారుకే ఆ వేగం అయితే, ఏ బ్రేకూ లేని మిల్లరుకు ఎంత ఉండాలో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

సరుకుల బండి మీద, మూటల మీద మనుషులను కూర్చోబెట్టడం ఇంకో తప్పు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సొమ్ము రావడానికి ఇవన్నీ అడ్డం పడతాయి. మనిషి పోయి, బండి పోయి, బీమా కూడా రాకపోతే ఆ కుటుంబం కోలుకోవడం కష్టం.

ఉస్తాద్ ఈ సంగతి కూడా మేస్త్రీకి చెప్పారు. మహబూబ్‌నగర్‌లోని రవాణా శాఖ కార్యాలయానికి బండి తీసుకుపోయి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించి, అనుమతి మాట తేలేదాకా కొక్కేనికి ఏదీ తగిలించవద్దని, అందాకా పిన్ను తన దగ్గరే ఉంటుందని చెప్పారు. ప్రయాణం రెండు రోజులు వాయిదా పడింది. అక్కడ స్లాబు ఒప్పుకున్న పెద్ద మేస్త్రీ ఫోనులో కేకలు వేశారు. అయినా ఆగారు.

మళ్లీ కాంటా మీదికి

సామానంతా సర్దుకున్నాక బండిని ఇంకోసారి కాంటా ఎక్కించారు. 1,470 కిలోలు చూపింది. ముందు కూర్చునే ఇద్దరి బరువు కలుపుకున్నా 1,600 దాటదు. టైర్లలో గాలి సరిచూసుకున్నారు. బయలుదేరేముందు మేస్త్రీ భార్య కొక్కేనికి పసుపు బొట్టు పెట్టి, నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. తమ్ముణ్ని మూటల మీద ఎక్కనివ్వలేదు. బస్సుకు డబ్బులిచ్చి పంపించారు.

తెల్లవారుజామున బయలుదేరిన బండి మధ్యలో రెండుచోట్ల ఆగి, చీకటి పడకముందే బెంగుళూరు శివారు చేరింది. లారీ మర్నాడు వచ్చింది. మిల్లరు చక్రాలకు ఒక్క గీత పడలేదు. అనుమతి కాగితం చేతికి వచ్చాక ఉస్తాద్ పిన్నును ఊరి నుంచి పోయే ఇంకో మేస్త్రీ చేతికిచ్చి పంపారు.

ఏం చేస్తే బాగుంటుంది

ఏటా దసరాకు, సంక్రాంతికి ఈ దారిన పోయే పని బండ్లకు ఎవరూ ముందుగా ఏమీ చెప్పడం లేదని మేస్త్రీలు వాపోతున్నారు. పట్టుకున్నాక జరిమానా రాసేవారు ఉన్నారే తప్ప, పట్టుకోకముందే చెప్పేవారు లేరని అంటున్నారు. పండుగకు పదిరోజుల ముందు మండల కేంద్రాల్లో రవాణా శాఖ వారు ఒక్కో రోజు శిబిరం పెట్టి, బండి బరువు, కొక్కెం, దీపాలు, కాగితాలు చూసి అక్కడికక్కడే సలహా ఇస్తే ఎంతో మేలు జరుగుతుందని వారు కోరుతున్నారు. ధర్మకాంటాల దగ్గర, వెల్డింగ్ దుకాణాల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి పెట్టినా చాలంటున్నారు. వెల్డింగ్ పనివారికి చాసిస్ మీద ఎక్కడ రంధ్రం వేయాలో, ఎక్కడ వేయరాదో ఐ.టి.ఐ.ల ద్వారా ఒక పూట నేర్పించవచ్చు.

మేస్త్రీలు కూడా తమ వంతుగా కొన్ని పాటించాలి. ముగ్గురు నలుగురు కలిసి ఒక లారీ మాట్లాడుకుంటే తలా కొంత పడుతుంది. కాంటా రుసుముకు వెనుకాడితే దవాఖానలో వేలు కట్టాలి. పిన్ను పోయిన రోజు పని ఒక పూట ఆగితే ఆగనివ్వాలి. చువ్వ ముక్క పెట్టి బయలుదేరరాదు. మిల్లరు నొగ మీద, డ్రమ్ము మీద మనిషిని కూర్చోబెట్టరాదు.

ఇప్పుడు బెంగుళూరులో ఆ మేస్త్రీ దగ్గర మిల్లరును ఒక సైటు నుంచి ఇంకో సైటుకు తీసుకుపోయేటప్పుడు పిన్ను పెట్టే పని బావమరిదిదే. వేరే ఎవరినీ ముట్టనివ్వడు. పిన్ను దించి, క్లిప్పు వేసి, గొలుసులు రెండూ ఒకసారి లాగి చూసి, ఆ తర్వాతే చెయ్యి ఊపుతాడు. అతను చెయ్యి ఊపేదాకా మేస్త్రీ బండి కదిలించరు.